గేర్ దిగిందని ఎవరు చెప్పాలి?

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్‌ని. మోటార్ స్టార్టర్లు, ప్యానెల్ బోర్డులు నాకు కొట్టిన పిండి. మా అబ్బాయి ఇంటర్ రెండో ఏడాది. వాడికి విమానాలంటే ప్రాణం. కంప్యూటర్‌లో ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడుతుంటాడు. దానికోసం మిద్దె మీది గదిలో ఇద్దరం కలిసి ప్లైవుడ్‌తో ఎయిర్‌బస్ ఏ320 కాక్‌పిట్ కడుతున్నాం. స్విచ్‌లు అరవై, ఇండికేటర్ లైట్లు నలభై దాకా వస్తాయి. స్విచ్‌లనీ లైట్లనీ కంప్యూటర్‌తో కలపడానికి ఆర్డుయినో మెగా అనే చిన్న బోర్డు కొన్నాం. చక్రాలు దించే గేర్ లివర్‌కి రెండు పోల్స్, అంటే ఒకే లివర్‌తో కదిలే రెండు విడి స్విచ్‌లు, ఉన్న స్విచ్ పెట్టాను. ఒక పోల్ బోర్డుకి ఇచ్చి, రెండో పోల్‌తో మూడు లైట్లూ నేరుగా వెలిగేలా చేశాను. లివర్ దించగానే లైట్లు టక్కున వెలుగుతాయి. మావాడేమో ‘అది అబద్ధం నాన్నా’ అంటాడు. ఆన్ అంటే ఎరుపు పెట్టాను, అదీ తప్పే అంటాడు. పైగా కొన్ని స్విచ్‌లు ముట్టుకోకుండానే పడిపోతున్నాయి. గదిలో ఫ్యాన్ వేస్తే ఆటోపైలట్ ఊడిపోతోంది. ఫ్యాక్టరీలో తీసేసిన 230 వోల్టుల ఇండికేటర్లు, పుష్ బటన్లు నా దగ్గర చాలా ఉన్నాయి. రిలే బోర్డు పెట్టి అవే వాడేయనా? బోర్డు మీద పిన్నులు కూడా చాలేట్టు లేవు. ఏం చేయమంటారు?

– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అబ్బాయి అన్న మాట నిజం. మీరు కట్టిన లైటు గేర్ దిగిందని చెప్పడం లేదు, లివర్ దించారని చెబుతోంది. లివర్ దించిన సంగతి దించిన చేతికి తెలుసు. దానికి లైటు అక్కర్లేదు.

ఇది మీకు తెలియని విషయమేమీ కాదు. మీ ఫ్యాక్టరీలో గుజ్జు పంపు స్టార్టర్‌ని ఒకసారి గుర్తు చేసుకోండి. స్టార్ట్ బటన్ నొక్కితే కాయిల్‌కి కరెంటు అంది కాంటాక్టర్, అంటే మోటారుకి కరెంటు కలిపే పెద్ద స్విచ్, లాగుతుంది. రన్ లైటుకి కరెంటు ఎక్కడి నుంచి తెస్తారు? బటన్ దగ్గర నుంచి తేరు కదా. కాంటాక్టర్ పక్కనుండి దానితో పాటే కదిలే ఆగ్జిలరీ కాంటాక్ట్ నుంచి తెస్తారు. కాయిల్ కాలిపోయినా, ఓవర్‌లోడ్ రిలే ట్రిప్ అయినా, బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఆ లైటు వెలగదు. వెలగకపోబట్టే మీరు స్క్రూడ్రైవర్ తీసుకుని ప్యానెల్ దగ్గరికి పరిగెత్తుతారు. ఎవరో కుర్రాడు రన్ లైటుని పుష్ బటన్‌కే కట్టేశాడనుకోండి, మీరే వాడిని కేకలేస్తారు. కాక్‌పిట్‌లో గేర్ లివర్ అంటే పుష్ బటన్. సిమ్యులేటర్ లోపల కదులుతున్న చక్రమే మీ కాంటాక్టర్. లైటుకి కబురు అక్కడి నుంచి రావాలి.

కోరినదాన్ని చూపే లైటు, జరిగినదాన్ని చూపే లైటు – ఈ రెంటికీ ఉన్న తేడా ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. 1979 మార్చి 28న అమెరికాలోని పెన్సిల్వేనియాలో, త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుని, మళ్లీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూములో దాని లైటు మాత్రం ఆరిపోయింది. ఆ లైటుని వాల్వుకి కట్టలేదు, వాల్వుని కదిపే సొలినాయిడ్ అనే కాయిల్ కరెంటుకి కట్టారు. కరెంటు ఆగింది కాబట్టి లైటు ఆరింది, ఆపరేటర్లు వాల్వు మూసుకుందనుకున్నారు. రెండు గంటలకు పైగా రియాక్టర్‌ని చల్లబరచాల్సిన నీరు ఆ దారిన పోతూనే ఉంది. చివరికి కోర్‌లో సగం దాకా కరిగింది. మనది ప్లైవుడ్ కాక్‌పిట్, ఎవరికీ ఏమీ కాదు. కానీ అబ్బాయి రేపు నిజమైన ప్యానెల్ ముందు కూర్చుంటే, లైటుని ఎలా చదవాలన్న అలవాటు వాడికి మీ మిద్దె మీదే పడుతుంది.

ఏ320లోనే ఈ సంగతి అందంగా కనిపించే బటన్ ఒకటుంది. తోకలో ఉండే చిన్న ఇంజన్ ఏపీయూ. తల మీది ప్యానెల్‌లో దాని స్టార్ట్ బటన్ నొక్కితే నీలం రంగులో ‘ఆన్’ అని వెలుగుతుంది. మీ కోరిక అందిందని దానర్థం. ఆ తర్వాత సుమారు నిమిషం ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇంజన్ వేగం అందుకున్నాక అదే బటన్‌లో పచ్చగా ‘అవైల్’ అని వెలుగుతుంది. ఇక వాడుకోవచ్చని అర్థం. ఒకే బటన్‌లో రెండు మాటలు, రెండు వేర్వేరు చోట్ల నుంచి వచ్చే కబుర్లు. అబ్బాయిని ఈ బటన్ చూపించమనండి, మీకు ఇట్టే బోధపడుతుంది.

కాబట్టి గేర్ స్విచ్ రెండో పోల్ నుంచి లైట్లకి వెళ్లే వైర్లు తీసేయండి. స్విచ్ తన మాట బోర్డుకి చెప్పి ఊరుకోవాలి. బోర్డు ఆ మాటని కంప్యూటర్‌కి అందిస్తుంది. కంప్యూటర్ గేర్ ఎక్కడుందో తిరిగి బోర్డుకి చెబుతుంది, అప్పుడు బోర్డు లైటు వెలిగిస్తుంది. ఈ రాకపోకలకి మొబీఫ్లైట్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌తోనూ, ఎక్స్-ప్లేన్‌తోనూ పనిచేస్తుంది. ఆర్డుయినోలో తన ప్రోగ్రాం తానే ఎక్కించుకుంటుంది, మీవాడు కోడ్ రాయక్కర్లేదు. అందులో ముందు చక్రం, ఎడమ చక్రం, కుడి చక్రం ఎంత దిగాయో మూడు వేర్వేరు విలువలుగా వస్తాయి. 100 శాతం అయితే పచ్చది వెలగాలి. సున్నాకీ నూరుకీ మధ్యలో ఉంటే ఎర్రది. సున్నా అయితే రెండూ ఆరిపోవాలి. ఏ320లో ఒక్కో చక్రానికి కింద పచ్చ త్రికోణం, పైన ఎర్ర అక్షరాల్లో ‘అన్‌లాక్’ గుర్తు ఉంటాయి. అంటే మీకు మూడు కాదు, ఆరు ఎల్‌ఈడీలు కావాలి. విడిగా కొనే కొన్ని విమానాల్లో ఈ విలువల పేర్లు వేరుగా ఉంటాయి, అది అబ్బాయి వెతుక్కుంటాడు.

ఇంకో లాభం కూడా చూడండి. ఇప్పుడు మీ కాక్‌పిట్‌లో విమానం బ్యాటరీ ఆఫ్‌లో ఉన్నా గేర్ లైట్లు వెలుగుతాయి, ఎందుకంటే అవి మీ అడాప్టర్ కరెంటుతో వెలుగుతున్నాయి. సిమ్యులేటర్ నుంచి కబురు వస్తే, విమానంలో కరెంటు ఉంటేనే వెలగాలన్న షరతు కూడా పెట్టుకోవచ్చు.

రంగుల విషయంలో మీ ఇద్దరి మాటా మీ మీ చోట్ల సరైనదే. మన స్విచ్‌గేర్ ప్యానెళ్లలో ఎరుపంటే బ్రేకర్ ఆన్‌లో ఉంది, కరెంటు పారుతోంది, చేయి పెట్టొద్దని. పచ్చంటే ఆఫ్‌లో ఉందని. అది ప్యానెల్ తలుపు తెరిచే మనిషి ప్రాణం కోసం పెట్టుకున్న పద్ధతి. విమానంలో లైటు చదివేది పైలట్. అతనికి ఎరుపంటే వెంటనే ఏదో ఒకటి చేయాలి. కాషాయంలాంటి పసుపు అంటే సంగతి గమనించు, త్వరలో చూడాలి. పచ్చంటే సవ్యంగా ఉంది. ఎయిర్‌బస్ వాళ్లు ఇంకో అడుగు ముందుకు వేశారు. అంతా బాగుంటే తల మీది ప్యానెల్ మొత్తం చీకటిగా ఉండాలన్నది వాళ్ల పద్ధతి. ఇంధన పంపు నడుస్తుంటే ఆ బటన్‌లో లైటే ఉండదు, ఆపితేనే తెల్లగా ‘ఆఫ్’ అని వెలుగుతుంది. పాడైతే పసుపులో ‘ఫాల్ట్’ వస్తుంది. మీ అలవాటు ప్రకారం ఆన్ అయిన ప్రతిదానికీ లైటు పెడితే, నలభై లైట్ల మధ్య ఒక్క పసుపు లైటు వెలిగినా కంటికి ఆనదు. ఈ విషయంలో అబ్బాయి చెప్పినట్టే చేయండి.

ఇక ముట్టుకోకుండానే పడే స్విచ్‌ల సంగతి. మీరు ఫేజ్‌ని స్విచ్ గుండా పంపే అలవాటు కొద్దీ, 5 వోల్టులని స్విచ్ గుండా పిన్నుకి ఇచ్చి ఉంటారు. స్విచ్ మూస్తే పిన్నుకి 5 వోల్టులు అందుతాయి, సరే. తెరిస్తే? ఆ పిన్ను దేనికీ అంటకుండా గాలిలో వేలాడుతుంది. దాని లోపలికి కరెంటు దాదాపు పోదు కాబట్టి, దగ్గరలో ఏ వైరు ఉన్నా, మీ వేలు సమీపించినా, దానికి లేని వోల్టేజి ఉన్నట్టే అనిపిస్తుంది. మీటరు పొడవు వైరు తగిలిస్తే అది ఏరియల్ లాగే పనిచేస్తుంది. ఫ్యాన్ స్విచ్ వేసినప్పుడు పుట్టే దెబ్బని ఆ ఏరియల్ పట్టుకుంటుంది, ఆటోపైలట్ ఊడుతుంది.

మందు సులువైనదే. స్విచ్‌ని పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య కట్టండి. 5 వోల్టులని స్విచ్ దగ్గరికే రానీయొద్దు. పిన్నుని 5 వోల్టుల వైపు పట్టి ఉంచే పులప్ రెసిస్టర్ బోర్డు లోపలే ఉంటుంది. మొబీఫ్లైట్ దాన్ని తనంతట తానే ఆన్ చేసుకుంటుంది. మీవాడే ప్రోగ్రాం రాసి ఉంటే పిన్నుని ఉత్త ఇన్‌పుట్‌గా కాక ‘ఇన్‌పుట్ పులప్’గా మార్చమనండి. అప్పుడు స్విచ్ తెరిచి ఉంటే పిన్ను 5 వోల్టుల దగ్గర స్థిరంగా నిలుస్తుంది, మూస్తే సున్నాకి దిగుతుంది. లెక్క తలకిందులైనట్టు ఉంటుంది కానీ, స్టాప్ బటన్‌కి మామూలుగా మూసి ఉండే ఎన్‌సీ కాంటాక్ట్ వాడే మీకు అది వింత కాదు. వైర్లని ఫ్యాన్ వైరు పక్కన ఒకే కట్టగా కట్టకండి. పవర్ కేబుల్, కంట్రోల్ కేబుల్ వేరే ట్రేల్లో వేస్తారు కదా, ఇక్కడా అంతే. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి.

మీ పాత పుష్ బటన్ల గురించి ఒక ముఖ్యమైన మాట. ఫ్యాక్టరీ కాంటాక్ట్ బ్లాకుల్లో వెండి కాంటాక్టులుంటాయి. వాడకంలో వాటి మీద నల్లటి పొర పడుతుంది. 230 వోల్టులు, కాయిల్ కరెంటు తగిలినప్పుడల్లా ఆ పొర చీలిపోతుంది కాబట్టి అక్కడ ఇబ్బంది తెలియదు. ఆర్డుయినో లోపలి పులప్ 20 నుంచి 50 కిలో ఓమ్స్. దాని గుండా పారేది మిల్లీ ఆంపియర్‌లో నాలుగో వంతుకి మించదు. అంత నీరసమైన కరెంటు ఆ పొరని చీల్చలేదు. మీటరులో బీప్ వచ్చిన బటన్ కాక్‌పిట్‌లో ఒకసారి పనిచేసి, రెండుసార్లు చేయదు. మీరేమో ప్రోగ్రాంని అనుమానిస్తారు. ఆ బటన్లే వాడాలనుకుంటే ప్రతి దానికీ పిన్ను నుంచి 5 వోల్టులకి ఒక 1 కిలో ఓమ్ రెసిస్టర్ బయట పెట్టండి. అప్పుడు 5 మిల్లీ ఆంపియర్లు పారతాయి, పొర చాలావరకు అడ్డురాదు. నన్నడిగితే నాలుగైదు చోట్ల తప్ప అవి వద్దు. చిన్న టాగుల్ స్విచ్‌లు, మైక్రో పుష్ బటన్లు చవకే. తిరుపతిలో, చిత్తూరులో దొరకనివి చెన్నై రిచ్చి స్ట్రీట్‌లోనో, బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో దొరుకుతాయి.

230 వోల్టుల ఇండికేటర్ల విషయంలో మాత్రం బేరం లేదు. వద్దు. రిలేలు పెట్టి నడిపించొచ్చు, మీకు చేతనవుతుంది కూడా. కానీ అది ప్లైవుడ్ పెట్టె. వెనక తలుపు ఉండదు, తాళం ఉండదు. స్విచ్ పనిచేయకపోతే అబ్బాయి కూర్చున్నచోటి నుంచే వెనక్కి చేయి పెట్టి వైరు కదుపుతాడు, మీరు డ్యూటీలో ఉంటారు. 5 వోల్టుల వైర్లు, 230 వోల్టుల వైర్లు ఒకే పెట్టెలో ఉంటే ఒక్క తెగిన పోగు చాలు, బోర్డుతో పాటు కంప్యూటర్ కూడా పోవడానికి. మనిషి సంగతి చెప్పక్కర్లేదు. ఆ గదిలో 230 వోల్టులు గోడ సాకెట్ దగ్గరే ఆగిపోవాలి. మూసి ఉండే మంచి అడాప్టర్ వాడండి. టెర్మినల్స్ బయటికి కనిపించే ఎస్‌ఎంపీఎస్ పవర్ సప్లై వాడాల్సి వస్తే దాన్ని మూత ఉన్న పెట్టెలో పెట్టి, ఎర్త్ ఇచ్చి, ఆ లైన్‌కి, కరెంటు లీకైతే లైన్ ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ వేయండి.

లైట్లకి మామూలు 3 లేదా 5 మిల్లీమీటర్ల ఎల్‌ఈడీలు చాలు. మీ ఫ్యాక్టరీ ఇండికేటర్లలో రెసిస్టర్ లోపలే ఉంటుంది, ఉత్త ఎల్‌ఈడీలో ఉండదు. అది మరిచిపోతే ఎల్‌ఈడీ మిరుమిట్లు గొలిపేలా వెలిగి కాసేపటికి పోతుంది, ఒక్కోసారి పిన్నుని కూడా తీసుకుపోతుంది. పొడవు కాలు ప్లస్. అంచు చదునుగా ఉన్న వైపు మైనస్. ఎరుపు, పసుపు ఎల్‌ఈడీలు సుమారు 2 వోల్టులు తీసుకుంటాయి. 5 లోంచి 2 తీస్తే 3. దాన్ని 470 ఓమ్స్‌తో భాగిస్తే 6 మిల్లీ ఆంపియర్ల పైచిలుకు వస్తుంది. రాత్రిపూట గదిలో లైట్లార్పి ఆడేవాళ్లకి అదే ఎక్కువ. నీలం, తెలుపు, కొత్తరకం పచ్చ ఎల్‌ఈడీలు 3 వోల్టుల పైన తీసుకుంటాయి, అయినా ఆ పచ్చది 1 కిలో ఓమ్ పెట్టినా కంట్లో గుచ్చుతుంది. రంగుని బట్టి రెసిస్టర్ మార్చుకుంటూ, పక్కపక్కన పెట్టి చూసి వెలుగు సమానం చేసుకోండి. ప్రతి ఎల్‌ఈడీకీ దాని రెసిస్టర్ దానికే ఉండాలి. రెండింటినీ కలిపి ఒకే రెసిస్టర్‌కి కడితే తక్కువ వోల్టేజిది కరెంటంతా లాక్కుని, రెండోది మసకబారుతుంది.

ఇప్పుడు పిన్నుల లెక్క. మీరు భయపడినంత కరువు లేదు. మెగాలో డిజిటల్ పిన్నులు 54, అనలాగ్ అని రాసి ఉన్నవి 16. ఆ పదహారూ స్విచ్‌లకి పనికొస్తాయి. మొత్తం 70. కంప్యూటర్‌తో మాట్లాడే 0, 1 పిన్నులు వదిలేస్తే 68. నలభై లైట్లని నేరుగా పిన్నులకి కట్టకండి. మెగా బోర్డు మీది చిప్‌లో మొత్తం మీద 200 మిల్లీ ఆంపియర్లు దాటకూడదు, మీ నలభై లైట్లు ఒకేసారి వెలిగితే అది దాటిపోతుంది. 74హెచ్‌సీ595 అనే చిప్ తీసుకోండి. ఒక్కోటి ఎనిమిది లైట్లు నడుపుతుంది. ఒకదాని వెనక ఒకటి గొలుసుగా కడితే ఐదు చిప్పులకీ కలిపి బోర్డు మీద మూడే పిన్నులు పోతాయి. ఒక్కో 595 చిప్ మొత్తానికి 70 మిల్లీ ఆంపియర్లే హద్దు. ఒక్కో లైటుకి 6 పైచిలుకు చొప్పున ఎనిమిదికి సుమారు 50, కాబట్టి 470 ఓమ్స్ అన్నాను. ప్రతి చిప్ పక్కనా 104 అని రాసి ఉండే చిన్న సిరామిక్ కెపాసిటర్ ఒకటి వేయండి, లేకపోతే లైట్లు పిచ్చిగా మిణుకుమంటాయి. లైట్ల కరెంటుకి వేరే 5 వోల్టుల అడాప్టర్ పెట్టండి. దాని మైనస్‌ని బోర్డు గ్రౌండ్‌తో కలపాలి, దాని ప్లస్‌ని యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులతో కలపకూడదు.

అరవై స్విచ్‌లు, ఈ మూడూ కలిస్తే అరవై మూడు. ఒక్క బోర్డులోనే పట్టేస్తాయి. మూడు పొజిషన్లున్న స్విచ్‌లకి మాత్రం రెండేసి పిన్నులు పోతాయి. ముక్కు లైటు స్విచ్‌లో ఆఫ్, ట్యాక్సీ, టేకాఫ్ అని మూడుంటాయి కదా, నడిమిదానికి పిన్ను అక్కర్లేదు. రెండూ తెరిచి ఉంటే నడుమ ఉన్నట్టే. వేగం, దిశ, ఎత్తు తిప్పే గుండీలకి, ఎటు ఎంత తిప్పారో చెప్పే రోటరీ ఎన్‌కోడర్లు పెడితే వాటికీ రెండేసి పోతాయి. అప్పుడు రెండో మెగా కొనండి. స్విచ్‌లని అడ్డం, నిలువు వరసల మ్యాట్రిక్స్‌గా కడితే 16 పిన్నులతో 64 స్విచ్‌లు చదవొచ్చని అబ్బాయి ఎక్కడో చూసి చెబుతాడు. నిజమే. కానీ టాగుల్ స్విచ్ వేసిన చోటే ఉండిపోతుంది. చతురస్రంలో మూడు మూలల స్విచ్‌లు ఆన్‌లో ఉంటే, కరెంటు వెనకదారిన తిరిగి వచ్చి నాలుగోది కూడా ఆన్‌లో ఉన్నట్టు చూపిస్తుంది. అది రాకుండా ప్రతి స్విచ్‌కీ, కరెంటుని ఒకవైపే పోనిచ్చే 1ఎన్4148 డయోడ్ ఒకటి వేయాలి. ఒక్క డయోడ్ తిరగబడినా వెతకడం నరకం. మొదటిసారి కట్టేవాళ్లకి నేను రెండో బోర్డే చెబుతాను.

గ్రౌండ్ గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట తిరుపతిలో మా మేనల్లుడికి ఇలాంటి ప్యానెలే కట్టాను. పద్నాలుగు స్విచ్‌ల గ్రౌండ్‌ని ఒకదాని నుంచి ఒకదానికి దండలా గుచ్చేశాను. త్వరగా అయిపోయిందని సంతోషించాను. రెండో వారం నుంచి లైట్లు వెలిగినప్పుడల్లా కుడివైపు స్విచ్‌లు మూడు వాటంతట అవే కొట్టుకోవడం మొదలైంది. మూడు సాయంత్రాలు ప్రోగ్రాం మారుస్తూ గడిపాం. చివరికి ఒక అగ్గిపుల్లతో వరసగా ఒక్కో అతుకునీ పొడుస్తూ పోతే, నాలుగో స్విచ్ దగ్గర లైటు ఆడింది. భూతద్దం పెట్టి చూశాను. మిగతా అతుకులు వెండిలా మెరుస్తున్నాయి, అదొక్కటి బూడిద రంగులో, గరుకుగా ఉంది. వైరు చుట్టూ సన్నటి గీతలాంటి సందు. లోహం వేడెక్కకముందే సీసం పోసేశాను, అది అంటుకోకుండా పైన కూర్చుంది. ఆ ఒక్క అతుకు వెనకున్న పది స్విచ్‌ల గ్రౌండూ దాని గుండానే పోతోంది. అప్పటి నుంచి ప్రతి ప్యానెల్‌కీ ఒక రాగి కడ్డీలాంటి గ్రౌండ్ స్ట్రిప్ పెట్టి, ప్రతి స్విచ్ నుంచీ విడిగా దానికే తెస్తున్నాను. లైట్ల గ్రౌండ్, స్విచ్‌ల గ్రౌండ్ వేరే వైర్లుగా వచ్చి బోర్డు దగ్గర ఒక్కచోటే కలవాలి. మీ న్యూట్రల్ లింక్ ఉపాయమే ఇది.

చిన్న టాగుల్ స్విచ్‌కి సోల్డర్ పెట్టేటప్పుడు ఐరన్‌ని కాలి మీద మూడు సెకన్ల కన్నా ఎక్కువ ఆనించకండి. కాలు దిగిన ప్లాస్టిక్ మెత్తబడి, లివర్ వదులై, టక్ మనే శబ్దం పోతుంది. ముందు వైరు కొసకీ, కాలికీ విడివిడిగా కాస్త సీసం పూసుకుంటే, రెంటినీ కలపడానికి ఒక్క క్షణం చాలు. సీసం కోసం ఎలక్ట్రానిక్స్‌కి వాడే ఫ్లక్స్ ఉన్నదే తీసుకోండి. ప్లంబింగ్ వాళ్ల యాసిడ్ పేస్ట్ వాడితే కొన్ని నెలల్లో కాలు తినేస్తుంది. ఇంకొకటి, చాలామంది తడబడేది: టాగుల్ స్విచ్‌లో లివర్ పైకి ఎత్తితే నడిమి కాలు కలిసేది కింది కాలితో. లోపల తూగుడు బల్లలా ఉంటుంది. కట్టేముందు మీటరుతో చూసుకోండి. కదిలే చోట, మడతపడే ప్యానెల్ దగ్గర, సన్నటి పోగులున్న వైరే వాడాలి. ఇంటర్నెట్ కేబుల్‌లోంచి తీసిన ఒంటి తీగ నాలుగుసార్లు వంగితే తెగుతుంది.

మీ చేతిలో మాలాంటివాళ్లకి లేని విద్య ఒకటుంది. ఫెర్రూల్ నంబర్లు, అంటే వైరు కొసకి తొడిగే అంకెల తొడుగులు. సిమ్యులేటర్ కట్టేవాళ్లలో నూటికి తొంభై మంది రంగురంగుల వైర్లు కట్టగా కట్టి, మూడు నెలల తర్వాత ఏది ఎక్కడిదో తెలియక తల పట్టుకుంటారు. మీరు ఫ్యాక్టరీలో చేసినట్టే ప్రతి వైరు రెండు కొసలకీ నంబరు తొడిగి, ఒక నోట్‌బుక్కులో నంబరు, స్విచ్ పేరు, పిన్ను రాయండి. ప్యానెల్‌కీ బోర్డుకీ మధ్య నేరుగా సోల్డర్ చేయకుండా కనెక్టర్ పెట్టండి. రిపేరు వచ్చినప్పుడు తలకిందులుగా పడుకుని చేయక్కర్లేదు, ప్యానెల్ ఊడదీసి బల్ల మీద పెట్టుకోవచ్చు.

బటన్ మీది అక్షరాలకి, నేమ్‌ప్లేట్లు చేసే షాపులో లేజర్‌తో యాక్రిలిక్ చెక్కించొచ్చు. ముందు చవకగా కావాలంటే పారదర్శకమైన షీటు మీద నల్లగా ప్రింట్ తీయించి, రెండు పొరలు వేసి, వెనక ట్రేసింగ్ పేపర్ పెట్టండి. ఒకే బటన్‌లో పైన ‘ఫాల్ట్’, కింద ‘ఆఫ్’ ఉంటే నడుమ నల్ల అట్టముక్క గోడలా నిలబెట్టాలి. లేకపోతే ఒకటి వెలిగితే రెండోదీ సగం వెలిగినట్టు కనబడుతుంది, మళ్లీ అబద్ధమే.

లాంప్ టెస్ట్ కూడా పెట్టండి. మీ ప్యానెళ్లలో ఉండేదే. ఏ320లో తల మీద ఒక స్విచ్ ఉంటుంది, టెస్ట్‌కి తిప్పితే అన్ని లైట్లూ వెలుగుతాయి, మిగతా రెండు పొజిషన్లు ఎక్కువ వెలుగు, తక్కువ వెలుగు. 1972 డిసెంబర్ 29 రాత్రి ఈస్టర్న్ ఎయిర్ లైన్స్ 401 విమానం మయామీలో దిగబోతుంటే ముందు చక్రం పచ్చలైటు వెలగలేదు. చక్రం దిగే ఉంది, మాడిపోయింది బల్బు. కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లంతా ఆ లైటు సంగతిలో మునిగిపోయి, ఆటోపైలట్ ఎత్తు వదిలేసి మెల్లగా కిందికి దిగుతున్నది గమనించలేదు. ఎవర్‌గ్లేడ్స్ చిత్తడిలో కూలి 101 మంది చనిపోయారు. వెలగని లైటుకి రెండు అర్థాలుంటాయి: పని జరగలేదు, లేదా లైటే పోయింది. టెస్ట్ స్విచ్ ఆ రెంటినీ విడదీస్తుంది. అబ్బాయి ప్రతిసారీ సీట్లో కూర్చోగానే ముందు అది తిప్పాలి, అలవాటు చేయండి.

తల మీది ప్యానెల్‌కి ఇప్పుడే ప్లైవుడ్ కోయకండి. గేర్ లివర్, ఆరు ఎల్‌ఈడీలు, ఒక 595 చిప్, ఒక టెస్ట్ బటన్. ఈ ఒక్క చిన్న ప్యానెల్‌నీ ఈ కొస నుంచి ఆ కొస దాకా పూర్తి చేయండి. సోల్డరింగ్ అబ్బాయి చేతికివ్వండి, మొదటి పది అతుకులు పాడైనా పర్వాలేదు. ఫెర్రూల్స్, గ్రౌండ్ స్ట్రిప్ మీరు చూసుకోండి. సిమ్యులేటర్‌లో మన రేణిగుంట విమానాశ్రయం వీఓటీపీ అన్న కోడ్‌తో ఉంటుంది. అక్కడ 08 రన్‌వే మీద దిగడానికి వస్తూ అబ్బాయిని లివర్ దించమనండి. ముందు మూడు ఎర్రవి వెలగాలి. చక్రాలు దిగి లాక్ అయ్యాక ఒక్కో ఎర్రదీ ఆరి దాని పచ్చది వెలగాలి. ఆ మధ్యలో ఎన్ని సెకన్లు పట్టిందో మీరు లెక్కపెట్టండి. తర్వాత సిమ్యులేటర్‌లో విమానాన్ని నేల మీద ఆపి, ఇంజన్లు, బ్యాటరీ అన్నీ ఆఫ్ చేయించి విమానంలో కరెంటు లేకుండా చూడండి. ఆరూ ఆరిపోతే మిగతా ప్యానెళ్లు మొదలుపెట్టొచ్చు. ఒక్కటి వెలుగుతూ ఉన్నా, కరెంటు షరతు పెట్టడం మరిచిపోయారు, లేదా ఆ పాత రెండో పోల్ వైరు ఎక్కడో ఇంకా తగిలే ఉందన్నమాట.